రావట్లేదన్నవాళ్ల మాట నమ్ము నాన్నా

కాకినాడ,
మంగళవారం రాత్రి

నాన్నా చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో నాకు సగమే వినిపించింది, అయినా నీ గొంతు విన్నాక మిగతా సగం అర్థమైంది. ఆఫీసులో అందరూ వాడుకునే జెడ్ డ్రైవ్ ఒకసారి తెరుచుకుంటోంది, ఒకసారి తెరుచుకోవట్లేదు, ఎవరికి ఎప్పుడు పోతుందో తెలియట్లేదు, నువ్వు పరుగెత్తుకెళ్లేసరికి అది బుద్ధిగా తెరుచుకుని కూర్చుంటోంది, చేరి ఏడాది తిరక్కుండానే ‘కుర్రాడికి పని తెలీదు’ అన్న మాట నీ చెవిన పడింది. అంతే కదా? అన్నం తిన్నావా అంటే తిన్నానన్నావు గాని, ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపు ఏలేశ్వరం మీదుగా వచ్చే బస్సులో మీ అమ్మకి పంపే సంచిలో ఈ ఉత్తరం పెడతాను, జంతికల డబ్బా కింద ఉంటుంది, డబ్బా నీది, కవరు కూడా నీదే.

బయట ఎక్కడో ఉద్యోగం వస్తే వెళ్లిపోకుండా మన అడ్డతీగలలోనే చేరతానన్నప్పుడు మీ అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది గాని, నాకు మాత్రం ఆ రోజు కడుపు నిండిపోయింది. కొండ మీది ఊళ్ల నుంచి కాగితం పట్టుకుని దిగివచ్చే మనిషి ఒక పూట కూలి వదులుకుని వస్తాడు, ఏలేశ్వరం సంగతి వేరు, అక్కడ పని కాకపోతే మర్నాడు మళ్లీ రావచ్చు, వై.రామవరం అవతలి నుంచి వచ్చినవాడికి మర్నాడంటే ఇంకో పూట పస్తు. ఆ డ్రైవ్ తెరుచుకోకపోతే ఆగేది మీ గుమాస్తాల పని ఒక్కటే కాదు. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు, సంత రోజున ఎవరో ముసలాయన చింతపండు తూకం చీటీ చదివి పెట్టమంటే, చదివి పెట్టి, లెక్క తప్పుందని ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ కాటా దగ్గరికి తీసుకెళ్లావు చూడు, ఆ పిల్లవాడే ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నాడని నాకు ధైర్యం.

సరే, పనిలోకి వస్తాను. పూర్తిగా ఆగిపోయిన నెట్‌వర్క్‌ని బాగుచెయ్యడం తేలిక నాన్నా, ఎక్కడ తెగిందో అక్కడ తెగే ఉంటుంది, నువ్వు వెళ్లేదాకా కదలదు. అప్పుడప్పుడూ పోయి వచ్చేదే మనిషిని తినేస్తుంది, ఎందుకంటే నువ్వు చూసే వేళకి అక్కడ ఏ ఆనవాలూ ఉండదు. ఉన్న ఆనవాలల్లా చూసినవాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లేమో ‘రావట్లేదు బాబూ’ అని పిలుస్తారు, నువ్వొచ్చి మౌసు పట్టుకోగానే వస్తుంది, పక్కసీటువాళ్లు నవ్వుతారు, పిలిచిన మనిషి ముఖం చిన్నబోతుంది, మరోసారి పిలవరు. వాళ్లు పిలవడం మానేసిన రోజున నీకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోయినట్టే.

నేను పనిచేసిన చోట ఒకావిడ ఉండేది, సీనియర్ అసిస్టెంటు, రిటైర్మెంటుకు దగ్గర పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకి ఫోల్డర్ తెరుచుకునేది కాదు. అందరికీ వస్తోంది, ఆవిడకే రావట్లేదు, పొద్దుట ఆవిడకీ బాగానే వస్తుంది. ‘భుక్తాయాసం, కంప్యూటర్‌కి కాదు ఆవిడకి’ అని కుర్రాళ్లు అనేవాళ్లు. నాకు ఆ మాట నచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం నా డబ్బా పట్టుకెళ్లి ఆవిడ టేబుల్ దగ్గరే తిన్నాను. అప్పుడు చూశాను, ఒంటిగంట దాటినా కౌంటరు ముందు మనుషులు ఉంటే ఆవిడ లేచేది కాదు, వాళ్లందర్నీ పంపించాకే తినేది, అందుకని అందరికంటే ఆఖర్న తిరిగి వచ్చేది. వచ్చి ఫోల్డర్ మీద నొక్కితే ఒక మెసేజ్ వచ్చింది. రోజూ ఆవిడ దాన్ని ఓకే కొట్టి మూసేస్తోంది. ఈసారి మూయొద్దని చెప్పాను. పాత రశీదు వెనక ఆ ఇంగ్లీషంతా గుండ్రటి అక్షరాలతో, ఒక్కో మాటా తెరలో చూసుకుంటూ, ఆవిడే రాసి నా చేతిలో పెట్టింది.

అవతలి కంప్యూటర్ ఒప్పుకోగలిగినన్ని కనెక్షన్లు అయిపోయాయి, ఇక కుదరదు అని దాని సారాంశం. మా ఆఫీసులో అసలు సర్వరే లేదు. ఎవరో ఒక మామూలు విండోస్ కంప్యూటర్లో ఫోల్డర్ షేర్ చేసి పెట్టారు. విండోస్ 7 నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా ఆ మామూలు కంప్యూటర్లు ఒకేసారి బయటినుంచి 20 కనెక్షన్లే ఒప్పుకుంటాయి, అంతకు ముందు ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో అయితే 10. ఆఫీసు పెరిగి ఇరవై దాటింది. పొద్దుట ఆవిడ అందరికంటే ముందు వస్తుంది కాబట్టి చోటు దొరుకుతుంది. భోజనం వేళ ఎవరూ ముట్టుకోకపోతే ఊరికే ఉన్న కనెక్షన్‌ని 15 నిమిషాలకి విండోస్ తనంతట తానే తెంపేస్తుంది, తిరిగొచ్చాక మళ్లీ ఎవరు ముందు నొక్కితే వాళ్లకి. జనం కోసం ఆఖరిదాకా కూర్చున్న మనిషికే రోజూ తలుపు మూసుకుపోతోంది. ఫోల్డర్‌ని సరైన సర్వర్ మీదికి మార్చాం, గొడవ వదిలింది. ఆవిడ కౌంటరు దగ్గర అంతసేపు కూర్చోకపోతే ఆ లోపం ఇంకెన్నాళ్లు దాగి ఉండేదో.

అందుకని మీ దగ్గర ముందుగా అదే చూడు, జెడ్ డ్రైవ్ అనేది నిజంగా సర్వర్ మీద ఉందా, లేక ఎవరి టేబుల్ కిందో ఉన్న కంప్యూటర్ మీదా? టేబుల్ కిందిదైతే అది కాసేపు వాడకపోతే నిద్రలోకి జారుకునేలా పెట్టి ఉందేమో కూడా చూడు. నెట్‌వర్క్ కార్డుకి కూడా కరెంటు ఆదా చేసే ఒక టిక్కు ఉంటుంది, డివైస్ మేనేజర్లో, అది తీసెయ్యి.

ఒక పుస్తకం పెట్టు. కంప్యూటర్లో కాదు, కాగితాల పుస్తకం. తేదీ, టైము గోడ గడియారం చూసి నిమిషంతో సహా, ఎవరికి, ఏ కంప్యూటర్లో, తెర మీద ఏమని వచ్చింది ఉన్నదున్నట్టు, ఆ వేళ పక్కవాళ్లకి వస్తోందా, కరెంటు పోయి వచ్చిందా, వాన పడుతోందా. నువ్వు ఏం మార్చావో కూడా రాయి, కింద సంతకం పెట్టు. అల్లూరి సీతారామరాజు గురించి మీ తాతయ్య ఎప్పుడు చెప్పినా ఈ సంగతి వదిలేవాడు కాదు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్తూ, ఏమేం పట్టుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం చేసి మరీ వెళ్లాడని, అదే ఏడు అక్టోబరు 15న మన అడ్డతీగల స్టేషన్‌కైతే వస్తున్నానని ముందే కబురు పెట్టి వచ్చాడని. చెప్తున్నప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది. నువ్వు సర్వర్ ఆపి మళ్లీ వేయాల్సి వచ్చినా అంతే, ముందుగా గది గదికీ వెళ్లి చెప్పు. సగం టైపు చేసిన కాగితం పోగొట్టుకున్న మనిషి నిన్ను తొందరగా క్షమించదు, క్షమించాల్సిన అవసరం కూడా లేదు.

పుస్తకంలో ఒక వారం రాశాక దానంతట అదే మాట్లాడుతుంది. ఒక్కరికే పోతుంటే ఆ కంప్యూటర్, దాని కేబుల్, దాని పాస్‌వర్డ్ చూడు. ఒక గది మొత్తానికి పోతుంటే ఆ గదిలో స్విచ్ చూడు. అందరికీ ఒకే నిమిషంలో పోతే సర్వర్ గాని, మధ్యనున్న పెద్ద స్విచ్ గాని. పొద్దుట కంప్యూటర్ వేయగానే డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ కనిపించి, రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటోందంటే దానికి అంత కంగారు పడకు, నెట్‌వర్క్ ఇంకా లేవకముందే విండోస్ డ్రైవ్ కోసం వెతికేసింది, అంతే. నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని చెప్పే సెట్టింగు గ్రూప్ పాలసీలో ఉంది. తెరుచుకున్న ఎర్ర గుర్తుకీ తెరుచుకోని ఎర్ర గుర్తుకీ తేడా జనానికి తెలియదు, నువ్వు అడగాలి.

ఇప్పుడు నా అనుమానం చెప్తాను. మీ దగ్గర కరెంటు. వానాకాలంలో మన కొండల్లో చెట్టుకొమ్మ తీగకి తగిలితే చాలు, రెప్పపాటు పోయి వస్తుంది. సర్వర్‌కి యూపీఎస్ ఉందన్నావు, కంప్యూటర్లకీ ఉందన్నావు, స్విచ్ దేనికి పెట్టారు? బీరువా వెనకో తలుపు పైనో గోడ ప్లగ్గుకి పెట్టి ఉంటారు, నేను చూసిన ఆఫీసుల్లో చాలాచోట్ల అంతే. ఆ రెప్పపాటుకి కంప్యూటర్లు ఆగవు కాబట్టి ఎవరికీ కరెంటు మీద అనుమానం రాదు, స్విచ్ ఒక్కటే ఆరి మళ్లీ వెలుగుతుంది, చిన్నదైతే కొన్ని సెకన్లు, పెద్దదైతే రెండు మూడు నిమిషాలు, ఆ లోపల ఎవరు ఫైలు సేవ్ చేస్తుంటే వాళ్లకి పోతుంది. నువ్వు వరండా దాటి వచ్చేసరికి అంతా మామూలే. నీ కథంతా దీనికి సరిపోతోంది. స్విచ్‌ని యూపీఎస్ మీదికి మార్చి పుస్తకం చూడు.

కరెంటు పోయి చాలాసేపటికి వస్తే ఇంకొకటి జరుగుతుంది. పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటే గడియారం ఎప్పటి తేదీకో వెళ్లిపోతుంది. మీది డొమైన్ ఉన్న ఆఫీసైతే సర్వర్ గడియారానికీ కంప్యూటర్ గడియారానికీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు. మెసేజ్‌లో గడియారం ఊసే ఉండకపోవచ్చు. కుడివైపు మూలన టైము చూడటం అలవాటు చేసుకో.

కేబుళ్ల దగ్గర బద్ధకించకు. సర్వర్‌కి పింగ్ ఆగకుండా కొడుతూ వదిలేసి, నువ్వు వెళ్లి కేబుల్ చివర్లు మెల్లగా కదిపి చూడు, జవాబు తప్పితే అక్కడే ఉంది దొంగ. క్లిప్ విరిగిన ప్లగ్గులు, కుర్చీ చక్రం కింద నలిగిన తీగలు, సీలింగ్ పైన ఎలుకలు కొరికినవి. ఒక లైను 100 మీటర్లు దాటకూడదు, గదులు దూరంగా ఉన్న పాత భవనాల్లో ఇది ఎవరూ కొలవరు. ఊడుస్తున్నప్పుడు ఊడిన కేబుల్‌ని పాపం ఎవరో మంచి మనసుతో అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో పెట్టేస్తారు, రెండు చివరలూ ఒకే స్విచ్‌లో ఉంటే మామూలు స్విచ్ తన సందేశాలను తానే తిప్పుకుంటూ అందర్నీ ఆపేస్తుంది. అటెండర్ని కేకలెయ్యకు. ఏ రంధ్రం దేనిదో కాగితం ముక్క రాసి అతికించు, తెలుగులో రాయి, ఆయనకి నువ్వే ఒకసారి చూపించు.

సర్వర్ పేరుతో తెరుచుకోకుండా ఐపీ నంబరుతో తెరుచుకుంటోందా చూడు. అలాగైతే దారి బాగుంది, పేరుని నంబరుగా చెప్పే డీఎన్ఎస్ తప్పుతోంది. నంబరుతో కూడా ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే, అదే నంబరు ఇంకో పరికరానికి కూడా దక్కిందేమో చూడు. సర్వర్‌కి చేత్తో ఒక నంబరు ఇచ్చి, రూటర్ పంచిపెట్టే నంబర్లలోంచి దాన్ని తప్పించడం మర్చిపోతే, ఎవరి ల్యాప్‌టాపో వచ్చినప్పుడు గొడవ మొదలై వాళ్లు ఇంటికెళ్లగానే ఆగిపోతుంది. అందుకే పుస్తకంలో ఆ రోజు ఆఫీసుకి ఎవరొచ్చారో కూడా రాయమంటాను. పాస్‌వర్డ్ మార్చాక పాతది క్రెడెన్షియల్ మేనేజర్లో ఉండిపోయినా అంతే, కంప్యూటర్ దానంతట అది పాతదే చూపిస్తూ ఉంటుంది, సర్వర్ విసిగి అకౌంటు తాళం వేస్తుంది, కాసేపటికి తీస్తుంది. ఒకే ఎక్సెల్ ఫైలు మాత్రమే తెరుచుకోకపోతే నెట్‌వర్క్‌ని అనకు, ఎవరో దాన్ని తెరిచి పెట్టుకుని టీకి వెళ్లి ఉంటారు.

ఇవన్నీ ఒకేసారి మార్చెయ్యకు. మీ అమ్మమ్మ అడ్డాకుల విస్తళ్లు కుట్టేటప్పుడు ప్రతి ఆకునీ ఎత్తి వెలుతురుకి పట్టి చూసేది, చిల్లి ఉంటే పక్కన పెట్టేది, లేనిదానికే పుల్ల గుచ్చేది, ఎంత తొందరున్నా రెండాకులు కలిపి చూసేది కాదు. నువ్వూ అలాగే ఒకటి మార్చు, రెండు రోజులు ఆగు, పుస్తకం చూడు, అప్పుడు రెండోది. కలిపి మారిస్తే బాగవుతుందేమో గాని దేనివల్ల బాగయిందో నీకు తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికొస్తావు.

ఒక్క విషయంలో మాత్రం నీకు గట్టిగా చెప్పాలి. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ పెట్టాక, నెట్‌వర్క్‌కి తగిలించే పాత స్టోరేజీ డబ్బాలు తెరుచుకోవడం మానేశాయని చాలామంది అంటున్నారు. అది చెడిపోవడం కాదు, పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా లోపలికి పోవడాన్ని ప్రొఫెషనల్ విండోస్‌లో ఆపేసింది, ప్రతి మాటకీ సంతకం ఉండాలని అడుగుతోంది. ఆ డబ్బాకి పేరూ పాస్‌వర్డూ పెట్టి, దాని సాఫ్ట్‌వేర్ కొత్తది వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎస్ఎంబీ1 అని ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఒకటుంది, తొందరలో ఎవరో ‘పాత ఎస్ఎంబీ1 ఆన్ చెయ్యి, అంతా వస్తుంది’ అని సలహా ఇస్తారు. చెయ్యకు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ తలుపులోంచే, మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, రెండు నెలల ముందు, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడు చివర్నుంచి కొత్తగా వేసే విండోస్ 10లోంచి ఎస్ఎంబీ1ని తీసెయ్యడం మొదలుపెట్టారు. మీ ఆఫీసు ఫోల్డర్లో ఉండేవి పేదవాళ్ల కాగితాలు నాన్నా, వాటికి ఇంకో నకలు వాళ్ల దగ్గర ఉండదు. డ్రైవ్ ఒక పూట రాకపోయినా ఫరవాలేదు, ఆ తలుపు మాత్రం తెరవొద్దు. డ్రైవ్ రానప్పుడు అందరూ డెస్క్‌టాప్ మీద కాపీలు పెట్టుకుంటున్నారన్నావు కదా, వాటిలో ఏది అసలుదో రేపు తేలదు, వారానికోసారి కూర్చుని వాళ్లతోనే కలిసి సర్దించు, రోజూ బ్యాకప్ తీస్తున్నావో లేదో నాకు చెప్పు.

నీకు ఒకాయన గురించి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఆండ్రూ ట్రిడ్జెల్ అని ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో చదువుకుంటున్న కుర్రాడు, 1990ల మొదట్లో రెండు కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునేటప్పుడు తీగల మీద ఏం మాట్లాడుకుంటున్నాయో ఓపిగ్గా గమనించి, అది పట్టుకుని సాంబా అనే సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. విండోస్ కంప్యూటర్లతో లినక్స్ ఫైళ్లు పంచుకునేది ఎక్కువగా దానివల్లే, చవక స్టోరేజీ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది అదే. నీలో ఆ ఓపిక ఉంది, అది నీకు మీ అమ్మమ్మ నుంచి వచ్చింది, మా అక్కచెల్లెళ్లలో ఎవరికీ అంత రాలేదు.

వానలు పట్టాయి, దోమతెర లేకుండా పడుకోకు. జ్వరం అనిపిస్తే మాత్ర వేసుకుని ఊరుకోకు, రక్తపరీక్ష చేయించుకో. చీకటి పడ్డాక అడవి దారిలో బండి మీద రావొద్దు, పని మిగిలితే మిగలనీ. ‘పని తెలీదు’ అన్నవాళ్ల మీద మనసులో ఏమీ పెట్టుకోకు, వాళ్ల పని ఆగిపోయి అన్నారు, బాగయిన రోజున వాళ్లే టీ తాగించి మర్చిపోతారు.

నిన్న ఫోన్లో చెప్పావు, మూడో గదిలో ఒకావిడ నెల్లాళ్లుగా చెప్తోందని, నువ్వెళ్లినప్పుడల్లా ఆవిడకి బాగానే వస్తోందని, ఈ మధ్య ఆవిడ నిన్ను పిలవడం మానేసిందని. ఈ ఉత్తరం అందిన మర్నాడు ఆఫీసు తెరవగానే ఇంకే పనీ ముట్టుకోకుండా కొత్త పుస్తకం తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లు, కుర్చీ లాక్కుని కూర్చుని, ‘నిన్న ఎన్నింటికి పోయిందండీ?’ అని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ